సమాధి మీద రాయి ఎవరి కోసం?



క్రిందటి ఈస్టరుకు ముందు మాకొక ఉత్తరం వచ్చింది. ఊత్తుకోట నుంచి వెళ్ళి ఇంగ్లండులో స్థిరపడిన మన కుటుంబాలలో ఒక కుటుంబం రాసిన ఉత్తరమది. ఆ సోదరుని తల్లిగారు ఇక్కడే ప్రభువునందు నిద్రించారు. మన సమాధుల తోటలోనే ఆమెను భూస్థాపన చేశాం. ఆయన రాసిన సంగతి ఇది. తాము ఇప్పుడుంటున్న పల్లెలోని పాత చర్చిలో గోడల నిండా పాలరాతి పలకలు ఉన్నాయట. ఒకే ఇంటివారి పేర్లు తాత, తండ్రి, కొడుకు, మనుమడు అని వరసగా చెక్కి ఉన్నాయట. నేల మీద పరిచినవి కూడా సమాధి రాళ్ళేనట. అది చూసి, మా అమ్మకు మాత్రం మట్టి దిబ్బేనా అని తనకు సిగ్గు వేసిందట. కాబట్టి తల్లికీ, పక్క వరసలో ఉన్న తాతగారికీ, ఇక ముందు ఆ ఇంట్లో వెళ్ళిపోయే వారికీ కలిపి నలుగురైదుగురికి సరిపడే చోటు తీసుకుని, గ్రానైటు పరిపించి, చుట్టూ ఇనుప కమ్మీలు పెట్టించి, కుటుంబ సమాధి కట్టిస్తానన్నారు. ఖర్చంతా తనదే, మేము సరే అంటే చాలు.

మేము వెంటనే సరే అనలేకపోయాం, వద్దని చెప్పడానికీ నోరు రాలేదు. కన్నతల్లికి కొడుకు చేయాలనుకున్న పనిని కాదనడానికి మేమెవరం? ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మేము మాట్లాడుకున్నదీ, చదువుకున్నదీ, చివరకు మా మీదకే వచ్చి పడినదీ ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి ఉత్తరం రేపు మీ సంఘానికీ వస్తుంది.

మన తోట చూడని వారికి నాలుగు మాటలు. ఆరణి నది ఒడ్డుకు ఎగువగా, తుమ్మచెట్ల నడుమ ఉన్న ఆ నేల అరెకరం కూడా ఉండదు. నెల్లూరు, ఒంగోలు వైపుల నుంచి కూలికీ కొలువుకీ వచ్చి ఈ పక్కన నిలిచిపోయిన మన పెద్దలందరూ అందులోనే ఉన్నారు. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దు మారి, తిరుత్తణి ఆంధ్ర నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికీ, సత్యవేడు పక్క పల్లెలు మద్రాసు నుంచి ఆంధ్రకూ వెళ్ళాయి. బ్రతికున్న వారి కాగితాలన్నీ మారాయి. చనిపోయిన వారు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. నాగలాపురం, సురుటుపల్లి వైపు నుంచి ఇప్పటికీ కొందరు తమ వారిని వెతుక్కుంటూ సరిహద్దు దాటి వస్తారు.

ఆ నేలలో ఒక పాత పద్ధతి ఉండేది. ఎవరూ కాగితం మీద రాసింది కాదు. ఒక మూల నుంచి వరసగా పాతిపెట్టుకుంటూ పోయేవారు. తోట చివరికి చేరేసరికి మొదటి వరస దిబ్బలు వానలకు చదునైపోయి ఉండేవి. మళ్ళీ అక్కడి నుంచి మొదలు. తవ్వేటప్పుడు పాత ఎముక తగిలితే దానిని బయట పారేయరు, గొయ్యి అడుగునే సర్ది, దాని మీద కొత్త పెట్టెను దించుతారు. తాత మీద మనుమడు, పొరుగింటావిడ మీద ఎవరి మేనత్తో. అరెకరం నేల అన్ని తరాలకు సరిపోయిందంటే అందుకే.

తమిళంలో సమాధిని కల్లరై అంటారు. కల్ అంటే రాయి, అరై అంటే గది. మన పిల్లలు తెలుగులో మాట్లాడుతూ కూడా కల్లర తోట అనే అంటారు. మన పాత పల్లె మాట బొంద. బొంద అంటే గొయ్యి, అంతే. రాతి గది అన్న మాట నోట పడ్డాకనే మట్టి గొయ్యి చిన్నతనంగా కనిపించడం మొదలైందేమో అని మాకు ఒక్కోసారి అనిపిస్తుంది. లెక్కపెట్టి చూశాం: తోటలో రాతి గదులు ఇప్పటికి పదకొండు. పదకొండూ గత నలభై ఏళ్ళలో కట్టినవే. పాత వరస ఎక్కడికక్కడ ఆ పదకొండు చోట్ల తెగిపోయింది.

ఆ సోదరుడు చూసిన ఇంగ్లండు చర్చి సంగతికి వద్దాం. గోడ మీద ఉన్న పేర్లు ఆయనకు కనిపించాయి. గోడ మీద లేనివారి మాటేమిటి? ఆ దేశపు పాత పారిష్ చర్చిలలో లోపల నేల కింద చోటు దొరికింది జమీందార్లకు, పాదిరులకు, డబ్బు కట్టగలిగిన వారికి. ఊళ్ళోని మిగతా జనమంతా బయట ఆవరణలోనే. వారిలో చాలామందికి శతాబ్దాల తరబడి పెట్టె కూడా లేదు, గుడ్డలో చుట్టి పాతిపెట్టారు. మామూలు రైతుకు, వడ్రంగికి తలవైపు రాయి నిలపడం అన్నది ఇంచుమించు గడచిన మూడు, మూడున్నర శతాబ్దాల ఆచారమే. అంతకు ముందు అక్కడ కూడా మన పద్ధతే. అదే నేలను మళ్ళీ మళ్ళీ తవ్వి వాడారు. అందుకే చాలా పాత చర్చిల చుట్టూ నేల ఎత్తు పెరిగిపోయి, గుడి పల్లంలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ పెరిగిన ఎత్తంతా పేరు లేని మనుషులే. గోడ పలకలు ఊరిని చూపించవు, ఊళ్ళోని ఒకటి రెండు ఇళ్ళను చూపిస్తాయి.

అయితే రాయి పెట్టించుకున్న వారికైనా అది నిలిచిందా అంటే, దానికి ఇంగ్లండు దాకా వెళ్ళనక్కరలేదు. ఊత్తుకోటలో బస్సెక్కి పెరియపాళెం, రెడ్‌హిల్స్ మీదుగా చెన్నపట్నం చేరితే, కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1678లో మొదలుపెట్టి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించారు. మన దేశంలో నిలిచివున్న ఆంగ్లికన్ చర్చిలలో అతి పాతదని పేరు. మాలో ఇద్దరం ఈ ఉత్తరం చేతిలో పెట్టుకునే అక్కడికి వెళ్ళి వచ్చాం. గుడి చుట్టూ ఆవరణలో నేలంతా సమాధి పలకలు పరిచి ఉన్నాయి. ఇంగ్లీషు, లాటిన్, పోర్చుగీసు, ఆర్మీనియన్ అక్షరాలు. 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి వాటిలో ఒకటి. చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే అక్కడివారు మామూలుగా వాటి మీదే నడిచి వెళ్ళిపోయారు.

ఆ పలకల కింద మనుషులు లేరు. అసలు సమాధుల తోట కోట బయట, ఇప్పటి హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఆవరణ ఉన్న చోట ఉండేది. అక్కడ కట్టిన సమాధులు గోపురాల్లా ఎత్తుగా ఉండేవి. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు, అతని సైనికులు ఆ సమాధుల చాటున నిలబడి కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి తొలగాక ఇంగ్లీషువారు తమ పెద్దల సమాధులను తామే పడగొట్టి, పేర్లున్న పలకలను మాత్రం గుడి ఆవరణకు తెచ్చి పరిచారు. 1782లో హైదరలీ భయం వచ్చినప్పుడు ఆ పలకలనే పెకలించి ఫిరంగుల కింద వేసుకున్నారు. తరువాత మళ్ళీ పరిచారు. పేర్లు ఒకచోట, ఎముకలు ఒకచోట. శాశ్వతంగా ఉండాలని రాతిలో చెక్కించినది వందేళ్ళు కూడా కుదురుగా ఉండలేదు.

పాత తోటలో రెండే మిగిలాయి. ఒకటి పౌనీ అనే ఇంటివారి కుటుంబ సమాధి. రెండోది జోసెఫ్ హిన్మర్స్ అనే కంపెనీ అధికారి మీద కట్టిన ఎత్తైన సూదిగోపురం. గవర్నరు ఎలైహూ యేల్ చిన్న కొడుకు డేవిడ్ కూడా అక్కడే ఉన్నాడు. హైకోర్టుకు వచ్చే వాహనాలు నిలిపే చోటు కోసం ఆ గోపురాన్ని తరలించాలన్న తగాదా 2023లో కోర్టు దాకా వెళ్ళింది. బ్రతికున్న వారికి బండి పెట్టుకోవడానికి చోటు కావాలి, చనిపోయిన వారు మూడు వందల ఏళ్ళుగా చోటు పట్టుకుని ఉన్నారు. నవ్వు వచ్చినా, మన తోటలో రేపు జరగబోయేది కూడా ఇదే కదా అని ఇంటికొచ్చే దారిలో అనుకున్నాం.

అదే గుడిలో సర్ తామస్ మన్రో ఉన్నాడు. ఆయన 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలో పాతిపెట్టి, 1831లో ఆయన అవశేషాలను సెయింట్ మేరీస్‌కు తెచ్చారు. చెన్నపట్నంలో గుర్రం మీద ఆయన విగ్రహం అందరూ చూసిందే. పత్తికొండలో మాత్రం ఆయన పేర బావి కట్టించి తోపు నాటించారు. సీమ పల్లెల్లో ఆయన మీది అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. దొర జ్ఞాపకాలన్నిటిలోనూ మాకు బావే నచ్చింది. బావి దగ్గర నీళ్ళు తోడుకునే మనిషికి చోటు ఇచ్చే జ్ఞాపకం అది.

మన ఆరణి నది ఊత్తుకోట దాటి పారి పారి పళవేర్కాడు దగ్గర ఉప్పునీళ్ళలో కలుస్తుంది. మన పాత తెలుగువాళ్ళు ప్రళయకావేరి అన్న ఊరు అదే. అక్కడ డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వారి సమాధుల తోట ఇప్పటికీ ఉంది. గుమ్మం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. పురావస్తు శాఖవారు కాపాడుతున్నారు. చెక్కడాలు చక్కగా ఉన్నాయి, చూడదగ్గవి. కానీ ఆ డచ్చివారే ఆ రేవు నుంచి వేలాది మందిని బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు పంపారు. కరువు రోజుల్లో కడుపు కాలి అమ్ముడుపోయిన మన తీరపు మనుషులు వాళ్ళు. వాళ్ళలో ఎవరు ఎక్కడ మట్టిలో కలిశారో చెప్పే రాయి ఎక్కడా లేదు. ఒకే రేవు, ఒకే కాలం.

ఇంతవరకు చదివిన వారు, వీళ్ళు రాయి వద్దనడానికి సాకులు వెతుకుతున్నారు అనుకోవచ్చు. అవతలి పక్క కూడా చెప్పాలి. నిజానికి దాని బరువే ఎక్కువ అని మొదట్లో మాకూ అనిపించింది.

మన బాప్టిస్టులకు పాతిపెట్టుకునే హక్కు ఊరికే రాలేదు. 1878 ఆగస్టులో ఇంగ్లండు సఫోక్ ప్రాంతంలో ఏకెన్‌హామ్ అనే పల్లెలో, వ్యవసాయ పని చేసుకునే ఒక బాప్టిస్టు కుటుంబంలో జోసెఫ్ రామ్సే అనే రెండేళ్ళ బిడ్డ చనిపోయాడు. మన వారు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు గదా. బాప్తిస్మం లేని బిడ్డ కాబట్టి ప్రార్థన లేకుండా పాతిపెట్టుకోవచ్చు, అంతకుమించి కుదరదు అన్నాడు పారిష్ పాదిరి డ్రూరీ. సరే, ఆవరణ బయట పచ్చికలో ప్రార్థన చేసుకుని, తరువాత పెట్టెను లోపలికి తెస్తామని వచ్చారు. టోజర్ అనే వేరే సంఘపు బోధకుడు వాక్యం మొదలుపెట్టాడు. డ్రూరీ వచ్చి, ముందు పెట్టె లోపలికి రావాలి, ప్రార్థనలు తర్వాత అని అడ్డుపడ్డాడు. మాటా మాటా పెరిగింది. ఆయన గేటుకు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులు కంచె సందులో నుంచి బిడ్డ పెట్టెను లోపలికి తెచ్చుకుని పాతిపెట్టారు. పత్రికలో వార్త పడింది, ఆ పాదిరి పరువు నష్టం దావా వేసి నలభై షిల్లింగులు గెలుచుకున్నాడు కూడా. కానీ దేశమంతా ఆ బిడ్డ పక్షాన నిలిచింది. 1880లో చట్టం వచ్చి, పారిష్ ఆవరణలో ఎవరి పద్ధతిలో వారు ప్రార్థన చేసుకుని పాతిపెట్టుకోవచ్చునని తేల్చింది.

ఆ 1878 మనకూ మరపురాని సంవత్సరమే. జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏడు వారాల తర్వాత ఏకెన్‌హామ్‌లో ఒక బిడ్డకు గేటు తాళం పడింది. ఒంగోలులో నీళ్ళలో దిగిన ఆ మాదిగ కుటుంబాలకు సొంత నేల లేదు. వాళ్ళలో ఎందరో అంతకు ముందే కరువులో బకింగ్‌హాం కాలువ పనికి వెళ్ళి, క్లౌ దొరగారు కాంట్రాక్టు పట్టిన మూడు మైళ్ళ పైచిలుకు కాలువను తవ్వినవారు. ఊరి వల్లకాడులో చోటు లేదు, ఊరి వీధిలో నుంచి శవం వెళ్ళకూడదు. ఆ మాట పాతబడిందని ఎవరైనా అంటే, 2019 ఆగస్టులో మన తమిళనాడులోనే వాణియంబాడి దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. దారి ఇవ్వనందున ఒక దళితుని శవాన్ని పాలారు వంతెన మీద నుంచి తాళ్ళతో కిందికి దించారు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ బస్తరులో ఒక పాస్టరుగారి దేహం, సొంత ఊళ్ళో పాతిపెట్టనివ్వనందున, ఇరవై రోజులు ఆసుపత్రి శవాగారంలో ఉండిపోయింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరక, చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వేరే తోటలో పాతిపెట్టమన్నారు.

ఇన్ని తరాలు పేరు లేకుండా మట్టిలో కలిసిన జాతిలో పుట్టిన కొడుకు, తన తల్లి పేరు నల్లరాతి మీద బంగారు అక్షరాలతో చూసుకోవాలనుకుంటే అది గర్వమని తోసెయ్యగలమా? అక్షరం రానివ్వని వారి ఎదుట అక్షరం నిలబెట్టడం అది. అబ్రాహాము కూడా పరదేశిగా, పరవాసిగా హేతు కుమారుల ఎదుట నిలబడి, ఊరికే ఇస్తామన్నా ఒప్పుకోక, నాలుగు వందల తులాల వెండి తూచి, శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను కొన్నాడు. వాగ్దాన దేశంలో ఆయనకు దక్కిన మొదటి సొంత నేల ఒక సమాధి. వలస వచ్చిన మనందరికీ ఆ అధ్యాయం ఎందుకు అంత దగ్గరగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

కానీ అబ్రాహాము కొనుక్కున్నాడు. ఆ గుహలో అంతకు ముందు ఎవరి బిడ్డా లేరు. మన తోట అలాంటిది కాదు. అది మత్తయి సువార్తలోని కుమ్మరివాని పొలం లాంటిది, పరదేశులను పాతిపెట్టడానికి ఉంచినది, ఎవరి ఒక్కరిదీ కానిది. అక్కడ ఎవరి పేరు శాశ్వతంగా నిలిపినా, ఆ చోట రావలసిన ఇంకొకరికి చోటు పోతుంది. ఆ ఇంకొకరు ఇంగ్లండు నుంచి ఉత్తరం రాయగలిగిన వారు కారు.

ఇంకో చిక్కు, రాయి మీద ఏ భాష రాయాలి అన్నది. 2006లో తమిళనాడులో తమిళం నిర్బంధం చేసిన చట్టం వచ్చాక, ఊత్తుకోటలో పెరిగే మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవలేరు. తెలుగులో చెక్కిన రాయి మనుమలకు గీతలు మాత్రమే. ఇంగ్లండులోనూ ఈ మధ్య ఇలాంటి తగాదా నడిచింది. ఐర్లండులో పుట్టి కొవెంట్రీలో స్థిరపడిన ఒక తల్లికి, బిడ్డలు ఐరిష్ భాషలో రాయి పెట్టిస్తామంటే, ఇంగ్లీషు అనువాదం లేకుండా వీల్లేదని 2020లో చర్చి న్యాయాధికారి తీర్పు చెప్పాడు. 2021లో పై కోర్టు దానిని కొట్టేసింది. ఆ బిడ్డల పట్టుదలకు మేము సంతోషించాం. అది వేరే సంగతి.

ఇక మా తప్పు.

మా నాన్నగారు 1987లో మహిమలోకి పిలువబడ్డారు. 1989లో అన్నదమ్ములం ముగ్గురం కలిసి ఆయనకు సమాధి కట్టించాం. ఆ తోటలో మొదట కట్టిన వాటిలో అదొకటి. కడప బండలు పరిపించి, సిమెంటు శిలువ నిలబెట్టి, చుట్టూ నడవడానికి వీలుగా నాలుగు పక్కలా ఒక్కో గజం ఎక్కువ తీసుకున్నాం. పునాది తవ్వుతుంటే మేస్త్రి వచ్చి, అయ్యా, చిన్న ఎముకలు తగిలాయి, ఏం చేయమంటారు అని అడిగాడు. ఎండ మండిపోతోంది. పక్కకు పెట్టి పని కానివ్వు అన్నాం. ఆయన వాటిని ఒక గోనె పట్టలో చుట్టి ఎక్కడో పూడ్చాడు. ఎక్కడ అని మేము అడగలేదు, చూడలేదు.

ఆ తరువాత ఏటా ఈస్టరు తెల్లవారుజామున మనవాళ్ళందరూ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు, ఒక అమ్మ వచ్చి మా నాన్నగారి సమాధి మూల దగ్గర ఒక కొవ్వొత్తి పెట్టి వెళ్ళేది. నాన్నగారు కష్టకాలంలో చాలామందికి సాయం చేసినవారు. ఆ కృతజ్ఞతతో పెడుతోందనుకున్నాం. ఒకసారి జ్ఞాపకార్థ కూడికలో ఆ మాట సాక్ష్యంగా కూడా చెప్పుకున్నాం.

ఇంగ్లండు ఉత్తరం వచ్చాక, ఆ కుటుంబం కోరిన చోట ఎవరెవరు ఉన్నారో పెద్దవాళ్ళను అడుగుతూ ఆ అమ్మ ఇంటికీ వెళ్ళాం. ఆమెకు ఇప్పుడు ఎనభై దగ్గర. ఆ చోటు సంగతి నాకు తెలవదు అంది. కాసేపాగి, మీ నాయన కాళ్ళకాడ మా సిన్నోడు ఉండాడయ్యా అంది. 1984 నవంబరు గాలివాన తర్వాత జ్వరంతో పోయాడట. పేరు పెట్టే లోపలే.

ఇన్నేళ్ళూ మాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నాం.

చెప్తే ఏం జేస్తారయ్యా, రాయి తీస్తారా? అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

ఆ ఎముకలు జరిపిన సంగతి ఆమెకు తెలియదు. చెప్పాలా వద్దా అని ఆ రాత్రి మేము ముగ్గురం వాదించుకున్నాం. నలభై ఏళ్ళు ఒక మూల నమ్ముకుని కొవ్వొత్తి పెట్టిన తల్లికి, అక్కడ కాదమ్మా అని చెప్పడం మేలా, కీడా? మాలో ఒకరు, ఆమె మనశ్శాంతి తీసేసి మన బరువు దించుకోవడమేనా అన్నారు. ఆ మాటకు జవాబు ఇప్పటికీ మా దగ్గర లేదు. అయినా మర్నాడు వెళ్ళి చెప్పాం. ఆమె చాలాసేపు ఊరుకుని, ఏ పక్కకు పెట్టినారు అని అడిగింది. మేస్త్రి పోయి పదేళ్ళయింది. మాకు తెలియదని చెప్పాం.

ఇంగ్లండు సోదరునికి రాశాం. కమ్మీలు వద్దు, గ్రానైటు వేదిక వద్దు, తలవైపు నేలకు సమంగా రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక ఒకటి పెట్టుకోండి, వరస మళ్ళీ ఆ చోటికి వచ్చినప్పుడు దాన్ని తీసి ప్రహరీ గోడకు ఆనిస్తాం, మీ దేశంలో చాలా చర్చి ఆవరణలలో పాత రాళ్ళను అలాగే గోడ వెంట నిలబెట్టారు కదా అని. మా నాన్నగారి సమాధి సంగతి కూడా దాచకుండా రాశాం. ఆయన నొచ్చుకున్నారు. మీరు కట్టుకున్నాక మాకు వద్దంటారా అని ఒక వాక్యం రాశారు. న్యాయమైన మాట. మా సమాధిని ఏం చేయాలన్నది మా ముగ్గురి మధ్య ఇంకా తేలలేదు. పడగొట్టాలని ఒకరం, ఉన్నది ఉండనిచ్చి చుట్టూ తీసుకున్న గజం వదిలేయాలని ఇద్దరం.

ఒక్క పని మాత్రం మొదలైంది. ఇంగ్లండులో 1538లో ఒక ఆజ్ఞ పుట్టింది. ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెండ్లిళ్ళు, భూస్థాపనలు పుస్తకంలో ఎక్కించాలని. రాయి లేని కూలివాడి పేరు కూడా ఆ పుస్తకంలో ఉంటుంది. గోడ మీది పాలరాళ్ళు చూసి వచ్చేవారికి ఆ పుస్తకం కనిపించదు. మనం బాప్తిస్మపు రిజిస్టరు శ్రద్ధగా రాస్తాం, భూస్థాపన సంగతి వచ్చేసరికి ఎవరి జ్ఞాపకం వారిదే. మేము ఒక పెద్ద లెక్కల పుస్తకం కొని గడులు గీశాం: పేరు, ఎవరి బిడ్డ, ఏ సంవత్సరం, తోటలో ఎక్కడ. ఆదివారం ఆరాధన తర్వాత ముసలివారిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే రాస్తున్నాం. ఇప్పటికి నూట అరవై పేర్లు వచ్చాయి. మీ పల్లెల్లో గుర్తున్నవారు ఉంటే ఈ సంవత్సరమే అడగండి.

ఆ అమ్మ కూడా వచ్చింది. పేరు గడిలో ఏం రాయాలని అడిగితే, సిన్నోడు అనే రాయండి, అట్నే పిలిచినాం అంది. రాశాం. చోటు గడిలో, మా నాన్నగారి సమాధి పక్కన అని రాసి చదివి వినిపించాం.

అట్ట కాదయ్యా, మా వోడు ముందు వచ్చినాడు అంది.

ఆ గడి కొట్టేసి, ఏటి వైపు మూడో వరస అని రాశాం. పై పేజీకి తిరిగి, మా నాన్నగారి పేరుకు ఎదురుగా చోటు గడిలో, చిన్నోడి పక్కన అని దిద్దాం.